నెట్‌వర్క్ ట్రాఫిక్ పెరగగానే కెర్నెల్ క్రాష్ అవుతోందా? కారణం పట్టుకోవడం ఎలా

పెద్ద ఫైల్ కాపీ మొదలవగానే, లేదా వీపీఎన్ కలపగానే లినక్స్ మెషీన్ బిగుసుకుపోతుంది. రీబూట్ చేసి లాగ్ తెరిస్తే క్రాష్ ముందటి మామూలు లైన్లు తప్ప ఏమీ ఉండవు. ఇందులో వింతేమీ లేదు. లాగ్‌ను డిస్క్‌కు చేర్చాల్సింది కెర్నెలే, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ మూలభాగమే, పడిపోయిందీ అదే. కాబట్టి డ్రైవర్ మార్చడం, కార్డు మార్చడం తర్వాతి సంగతి. ముందు సాక్ష్యం దొరికే ఏర్పాటు చేసుకోవాలి.

నెట్‌వర్క్ కోడ్‌లో తప్పు జరిగితే మెషీన్ మొత్తం ఎందుకు పడిపోతుందో కూడా తెలిసి ఉండాలి. ఒక ప్రాసెస్ తరఫున నడుస్తుండగా తప్పు జరిగితే కెర్నెల్ ఆ తప్పు వివరాలను ‘ఊప్స్’ పేరుతో లాగ్‌లో రాసి, ఆ ప్రాసెస్‌ను చంపి, ముందుకు సాగాలని చూస్తుంది. వచ్చిన ప్యాకెట్ల పని మాత్రం ఎక్కువగా ఏ ప్రాసెస్‌కూ చెందని సాఫ్ట్ ఇంటరప్ట్‌లో జరుగుతుంది. అక్కడ ఒక ప్రాసెస్‌ను చంపి చేతులు దులుపుకోవడం కుదరదు, నేరుగా ప్యానిక్ అవుతుంది, అంటే కెర్నెల్ మొత్తం ఆగిపోతుంది. ‘ఫేటల్ ఎక్సెప్షన్ ఇన్ ఇంటరప్ట్’ అనే లైన్ చెప్పేది ఇదే.

1. కెడంప్ అమర్చండి

బూట్ పారామీటర్లలో ‘క్రాష్‌కెర్నెల్=256ఎం’ చేర్చి, కెడంప్ సర్వీస్ ఆన్ చేసి, రీబూట్ చేయండి. ఆ 256 ఎంబీ మెమరీని పక్కన ఉంచుకున్న రెండో చిన్న కెర్నెల్, క్రాష్ కాగానే లేచి మొదటి కెర్నెల్ మెమరీని డంప్‌గా దాస్తుంది. అది చాలా డిస్ట్రిబ్యూషన్లలో ‘వార్’ కింద ‘క్రాష్’ ఫోల్డర్‌లో ఉంటుంది. డ్రైవర్లు ఎక్కువున్న సర్వర్లలో 256 సరిపోక డంప్ మధ్యలోనే ఆగిపోవచ్చు, అప్పుడు 512 ఇవ్వండి. డంప్‌ను లోకల్ డిస్క్‌కే పంపండి. అనుమానం ఉన్న నెట్‌వర్క్ కార్డు మీదుగా పంపితే అది కూడా పోవచ్చు.

అమర్చాక పరీక్షించడం మానేయవద్దు. తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ చేసి, ‘ప్రాక్’ కింద ఉన్న ‘సిస్‌ఆర్‌క్యూ-ట్రిగ్గర్’ ఫైల్‌లోకి రూట్‌గా ‘సి’ అక్షరం రాయండి. మెషీన్ కావాలనే క్రాష్ అవుతుంది. డంప్ కనిపిస్తే ఏర్పాటు పనిచేస్తున్నట్టే.

సీరియల్ కన్సోల్ (కెర్నెల్ సందేశాలను కేబుల్ ద్వారా వేరే మెషీన్‌కు పంపే దారి) ఉంటే అదీ కలపండి, సెకనుకు 115200 బిట్ల వేగం చాలు. నెట్‌కన్సోల్ సులువే గానీ, అది కెర్నెల్ సందేశాలను అదే నెట్‌వర్క్ కార్డు మీదుగా యూడీపీలో (చేరిందో లేదో చూడకుండా ప్యాకెట్లు పంపే పద్ధతి) పంపుతుంది. తప్పు ఆ కార్డు డ్రైవర్‌లోనే ఉంటే చివరి లైన్లు, అంటే అసలు కావలసినవి, అందకపోవచ్చు.

2. ట్రేస్ చదవండి

ట్రేస్ అంటే క్రాష్ అయినప్పుడు కెర్నెల్ రాసే లైన్లు. అందులో ముందు ‘బగ్’ అని మొదలయ్యే లైన్ చూడండి. నల్ పాయింటర్ (దేన్నీ చూపని ఖాళీ మెమరీ అడ్రస్) అని చెప్పి, అడ్రస్ 8 లాంటి చిన్న సంఖ్య అయితే, ఖాళీ పాయింటర్ ద్వారా ఒక స్ట్రక్చర్‌లోని 8వ బైటు దగ్గరి ఫీల్డ్‌ను ముట్టుకోబోయారని అర్థం. ప్రాసెసర్ రిజిస్టర్లలో ‘డెడ్’ అని మొదలై 100తోనో 122తోనో ముగిసే విలువ కనిపిస్తే, లిస్ట్ నుంచి తీసేసిన వస్తువును ఎవరో మళ్లీ వాడుతున్నారు. ‘ఎస్‌కేబీ ఓవర్ ప్యానిక్’ అంటే ప్యాకెట్ బఫర్‌లో పట్టేదానికంటే ఎక్కువ డేటా చేర్చబోయారని. ఎంటీయూను (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 9000కు పెంచాక ఇది మొదలైతే అనుమానం ముందుగా డ్రైవర్ మీదకే పోవాలి.

తర్వాత ‘ఆర్‌ఐపీ’ లైన్‌లో పడిపోయిన ఫంక్షన్ పేరు, అది మాడ్యూల్‌లోదైతే (విడిగా ఎక్కించే కెర్నెల్ భాగం) పక్కన బ్రాకెట్లో ఆ మాడ్యూల్ పేరు ఉంటాయి. కాల్ ట్రేస్‌ను (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) కింది నుంచి పైకి చదవండి. మొదట్లో ప్రశ్నార్థకం గుర్తు (?) ఉన్న లైన్లు నమ్మదగినవి కావు, స్టాక్ మీద మిగిలిపోయిన పాత అడ్రస్‌లు కావచ్చు. దారిలో బ్రిడ్జ్, ఫైర్‌వాల్, వీపీఎన్ ఫంక్షన్లు ఏవి ఉన్నాయో రాసుకోండి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పడిపోయిన ఫంక్షన్ తరచుగా బాధితుడే గానీ దోషి కాదు. ఒక డ్రైవర్ విడిచేసిన మెమరీలో రాస్తే, కాసేపటికి దాన్ని తెరిచిన టీసీపీ (ప్యాకెట్లు తప్పకుండా చేరేలా చూసే పద్ధతి) కోడ్ పడిపోతుంది, పేరు టీసీపీకి వస్తుంది. రెండు మూడు డంప్‌లు పోల్చండి. ప్రతిసారీ ఒకే చోట పడితే అది కోడ్‌లోని తప్పయ్యే అవకాశం ఎక్కువ. ఒక్కోసారి ఒక్కో చోట, నెట్‌వర్క్‌తో సంబంధం లేని చోట్ల కూడా పడితే మెమరీ ఎవరో పాడుచేస్తున్నారు, లేదా ర్యామే చెడింది. మెమ్‌టెస్ట్‌ను ఒక రాత్రంతా నడపండి.

‘టెయింటెడ్’ అని ఉన్న లైన్‌లోని అక్షరాలూ చూడండి, కెర్నెల్‌లో మామూలుకు భిన్నంగా ఏముందో అవి చెబుతాయి. ‘ఓ’ అంటే కెర్నెల్‌తో రాని బయటి మాడ్యూల్ ఎక్కింది. ‘డబ్ల్యూ’ అంటే ఈ క్రాష్‌కు ముందే ఒక హెచ్చరిక వచ్చింది, అసలు కథ అక్కడే ఉండొచ్చు.

3. కావాలనే రప్పించండి

ట్రాఫిక్ పుట్టించే ఐపెర్ఫ్3తో రెండు మెషీన్ల మధ్య ట్రాఫిక్ నడపండి. ముందు టీసీపీ, తర్వాత చిన్న యూడీపీ ప్యాకెట్లు, ఆపై ట్రాఫిక్ నడుస్తుండగానే ఇంటర్‌ఫేస్‌ను ఆపి మళ్లీ లేపడం. ఈ మూడోదానిలోనే క్రాష్ అయితే, డ్రైవర్ తన క్యూలను విడిచేటప్పుడు రెండు పనులు ఒకేసారి ఒకే డేటాను ముట్టుకునే పోటీ మీద అనుమానపడండి. ప్యాకెట్లను టీసీపీడంప్‌తో అవతలి మెషీన్‌లో పట్టండి, ఇవతలిది ఎలాగూ పోతుంది.

తర్వాత కార్డు సెట్టింగులు మార్చే ఇథ్‌టూల్‌తో జీఆర్‌ఓ, టీఎస్‌ఓ, జీఎస్‌ఓ ఆఫ్‌లోడ్‌లను (ప్యాకెట్లను కలిపి లేదా విడగొట్టి పని తగ్గించే సదుపాయాలు) ఒక్కొక్కటిగా ఆపి అదే పరీక్ష చేయండి. అన్నీ ఒకేసారి ఆపితే క్రాష్ ఆగినా కారణం తెలియదు. ఒకటి ఆపగానే ఆగితే వెతకాల్సిన చోటు దొరికింది, కానీ తప్పు పోలేదు. వేగం తగ్గడం వల్ల కూడా క్రాష్ తాత్కాలికంగా దాగిపోవచ్చు.

4. దోషిని పట్టండి

బూట్‌లో ‘స్లబ్_డీబగ్=ఎఫ్‌జడ్‌పీయూ’ ఇస్తే విడిచేసిన మెమరీ 6బి అనే విలువతో నిండుతుంది. తర్వాతి ట్రేస్‌లో 6బి6బి అని వరుసగా కనిపిస్తే విడిచేసిన మెమరీని వాడారని తేలినట్టే. కేఏశాన్‌తో (మెమరీ తప్పులు పట్టే కెర్నెల్ సాధనం) కట్టిన కెర్నెల్ ఇంకా మేలు. ఆ మెమరీని ఎవరు తీసుకున్నారో, ఎవరు విడిచారో, ఎవరు ముట్టుకున్నారో మూడు ట్రేస్‌లూ రాస్తుంది. బాగా నెమ్మదిస్తుంది కాబట్టి పరీక్ష మెషీన్‌కే పరిమితం చేయండి.

పాత కెర్నెల్‌లో లేని తప్పు కొత్తదానిలో వస్తుంటే మార్పుల జాబితాను సగం సగంగా విడదీసి వెతికే గిట్ బైసెక్ట్ వాడండి. 1000 మార్పుల్లోంచి తప్పు చేసినదాన్ని దాదాపు 10 పరీక్షల్లో తేలుస్తుంది.

బగ్ రిపోర్ట్‌లో పూర్తి ట్రేస్, కెర్నెల్ వెర్షన్, డ్రైవర్, ఫర్మ్‌వేర్ వెర్షన్లు, రప్పించే పద్ధతి ఇవ్వండి. డంప్ ఫైల్‌ను మాత్రం ఎక్కడా బహిరంగంగా పెట్టకండి, అప్పుడు మెమరీలో ఉన్న పాస్‌వర్డ్‌లు, కీలు అందులో ఉండొచ్చు. బయటి నుంచి పంపిన ప్యాకెట్ ఒక్కటే మెషీన్‌ను పడగొడుతోందని తేలితే అది భద్రతా లోపం. దాన్ని ముందుగా కెర్నెల్ సెక్యూరిటీ బృందానికి ప్రైవేటుగా పంపండి.