అక్టోబర్ తుఫాన్లు: వృద్ధాశ్రమాలు చూసుకునే కోఆర్డినేటర్లకు కొన్ని జాగ్రత్తలు

ఒడిశాలోని బరంపురం వైపు అక్టోబర్ వచ్చిందంటే ఒక కన్ను దసరా పనుల మీద, ఇంకో కన్ను ఆకాశం మీద ఉంటుంది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మరుసటేడు అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర ఒడ్డుకొచ్చి, గజపతి జిల్లా కొండల్ని వానతో ముంచేసింది. గంజాం, గజపతి జిల్లాల్లో వృద్ధాశ్రమమో, పెద్దవాళ్లుండే అపార్ట్‌మెంటో చూసుకునేవాళ్లు సెప్టెంబర్ మొదటి వారంలోనే పనిలో దిగాలి. వాతావరణ శాఖ పసుపు రంగు హెచ్చరిక ఇచ్చేది కనీసం 48 గంటల ముందు, నారింజ రంగుది 24 గంటల ముందు. ఆ కాస్త టైములో ఇన్వర్టర్ బ్యాటరీ మార్చేవాడు దొరకడు.

గాలి వీచే రాత్రికి అందరూ ఎలాగో సిద్ధమవుతారు. కిటికీలు బిగిస్తారు, కొవ్వొత్తులు కొంటారు. అసలు కష్టం తెల్లారాక మొదలవుతుంది. ఫైలిన్ తర్వాత ఈ ప్రాంతంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు రాలేదు. కరెంటు లేకపోతే మోటారు తిరగదు, మోటారు తిరగకపోతే బాత్రూములో చుక్క నీరుండదు. లిఫ్ట్ ఆగుతుంది, ఏటీఎం మూతపడుతుంది, ఫోన్లు ఒక్కొక్కటీ చల్లబడతాయి. కాబట్టి మందులు, నీళ్లు, బియ్యం, డైపర్లు, చేతిలో నగదు, అన్నిటి లెక్కా వారానికి వేయండి.

కరెంటు మీద ఆధారపడ్డ పెద్దవాళ్ల పేర్లు ముందు రాసుకోండి. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కరెంటు మిషన్) వాడేవాళ్లది మొదటి పేరు. ఆ మిషన్ మీ ఇన్వర్టర్ మీద ఎంతసేపు నడుస్తుందో ఓ మధ్యాహ్నం, ఎవరికీ పెట్టకుండా, మెయిన్ ఆపి నడిపి చూడండి. చాలామంది అనుకున్నదానికంటే బాగా తక్కువే వస్తుంది. ఇక సిలిండర్. చిన్నదైన బి టైపులో సుమారు 1500 లీటర్లుంటుంది. నిమిషానికి 2 లీటర్లు కావలసినవాళ్లకు అది పన్నెండు గంటల పైచిలుకు, అంతే. ఒక్క సిలిండర్ మూలన పెట్టి ధైర్యంగా ఉండే ఆశ్రమాలున్నాయి, అది ఒక్క రాత్రి సరుకు. సిలిండర్ తెరిచే తాళంచెవి దాని మెడకే తాడుతో కట్టేయండి. చీకట్లో సిలిండర్ ఎదురుగా ఉండి, తాళంచెవి స్టోర్‌రూమ్‌లో ఉంటే లాభం లేదు. నిరంతరం ఆక్సిజన్ కావలసినవాళ్లను పసుపు హెచ్చరిక నాడే డాక్టర్‌తో మాట్లాడి ఆసుపత్రికి మార్చడం మేలని నా అభిప్రాయం. ఆ మాట వాళ్ల పిల్లలతో ఇప్పుడే అనేసి, సరేనన్నట్టు రాయించుకోండి. డయాలసిస్ ఉన్నవాళ్ల వంతు కూడా ముందుకు జరపగలరేమో సెంటర్‌ను అడగండి.

మంచాన ఉన్నవాళ్లకు ఒంటికి పుండ్లు పడకుండా వేసే, కరెంటు పంపుతో నడిచే గాలిపరుపుల సంగతి ఎవరికీ గుర్తుండదు. పంపు ఆగితే మంచాన ఉన్నవాళ్లను రెండేసి గంటలకు చేత్తో పక్కకు తిప్పాలి. దానికి మనుషులు కావాలి, వాళ్ల డ్యూటీ కాగితం మీదుండాలి.

ఇన్సులిన్ విషయంలో మరీ టెన్షన్ పడక్కర్లేదు. తెరిచి వాడుతున్న సీసా సాధారణంగా 30 డిగ్రీల లోపు ఉంటే నాలుగు వారాల దాకా నిలుస్తుంది, అయినా దాని కాగితం ఒకసారి చూసుకోండి. తెరవని వాటికే చల్లదనం కావాలి. పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ కూర్చోబెట్టి, ఇన్సులిన్‌ను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఆ చిన్న కుండలో దింపండి. ఇసుక ఆరకుండా రోజుకు రెండుసార్లు నీళ్లు చల్లి, నీడన ఉంచితే చాలు. ఐసుగడ్డలకు మాత్రం ఆనించకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకు నిండా నీళ్లు పట్టండి. నీళ్లూ ఉంటాయి, బరువుకు ట్యాంకూ ఎగిరిపోదు.

ఇక మనుషులు. ఫైలిన్, తిత్లీ రెండూ దసరా రోజుల్లోనే వచ్చాయి. అంటే ఆయాలు, వంటమనిషి, వాచ్‌మన్ సెలవులో ఉండే రోజులు. పైగా ఆయా ఇంటిమీద కూడా రేకులే ఉంటాయి, పిల్లలుంటారు. తుఫాను రాత్రి డ్యూటీకి రాలేదని తర్వాత కోప్పడేకంటే, కావాలంటే ఆమె కుటుంబాన్నే ఆ రెండు రోజులు ఆశ్రమానికి తెచ్చుకోనివ్వండి. రెండు పూటలా భోజనం, పడుకోను చోటు ఇస్తే మనిషి మనసు పెట్టి పనిచేస్తుంది. ఇది ఖర్చు కింద రాయొద్దు.

ప్రతి పెద్దాయనకూ, పెద్దమ్మకూ ఒక చిన్న సంచి. అందులో వారం మందులు, ప్రిస్క్రిప్షన్ నకలు, ఆధార్ నకలు, కళ్లజోడు, పళ్లసెట్టు డబ్బా, చెవి మిషన్ బ్యాటరీలు. మెడలో వేసే కార్డు ఒడియాలో, తెలుగులో రెండింట్లోనూ రాయండి. తుఫాను షెల్టర్‌కు తరలించాల్సొస్తే, అక్కడ డ్యూటీ చేసేవాళ్లలో ఎక్కువమందికి ఒడియానే వస్తుంది. మన మామ్మగారికేమో "నాకు షుగరుంది బాబూ" అని తెలుగులోనే చెప్పడం వచ్చు.

మతిమరుపు జబ్బున్నవాళ్లకు చీకటి, కొత్త చోటు, గాలి హోరు కలిస్తే బాగా కంగారొస్తుంది. లేచి తలుపు తీసుకుని వెళ్లిపోబోతారు. వాళ్లకు తెలిసిన మనిషినే పక్కన ఉంచండి, ఒక చిన్న లైటు రాత్రంతా వెలగనివ్వండి. ఉన్నట్టుండి కొత్తగా తికమకపడుతున్నారంటే వయసు మీదకి తోసేయకుండా నీళ్లు తక్కువయ్యాయా, జ్వరముందా, షుగర్ పడిందా అని చూడాలి.

పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు, టీవీ చూసి ఒకటే ఫోన్లు. అందరికీ ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మెసేజ్ పెడతామని ముందే చెప్పేయండి. మీ ఫోన్ బ్యాటరీ 108కి దాచుకోవాలి. ఇచ్ఛాపురం నుంచో సోంపేట నుంచో కారేసుకుని తీసుకెళ్తామంటే పసుపు హెచ్చరిక లోపే రమ్మనండి. గాలి మొదలయ్యాక చెట్లు పడే రోడ్డు మీదకి ఎనభై ఏళ్ల మనిషిని పంపకండి. పర్లాకిమిడి వైపు కొండ రోడ్లైతే వాన తగ్గాక కూడా కొండచరియలు విరిగిపడే భయం ఉంటుంది.

గోడ మీద పెద్దక్షరాల్లో నంబర్లు రాయండి: అత్యవసరానికి 112, అంబులెన్స్‌కు 108, జిల్లా కంట్రోల్ రూముకు 1077, రాష్ట్రానిదానికి 1070, వృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567. చివరిది పగలు ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకే, అర్ధరాత్రి దాన్ని నమ్ముకోవద్దు. ఫోన్లో విపత్తు హెచ్చరికలిచ్చే ప్రభుత్వ సచేత్ యాప్ వేసుకోండి. మంచం పట్టినవాళ్లు ఎందరున్నారో రాసి తహసీల్దారు ఆఫీసులో, దగ్గర్లోని ఫైర్ స్టేషన్లో ఇప్పుడే ఒక కాగితం ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోండి.

జనరేటర్‌ను వరండాలో పెట్టొద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మీకు మీరూ ఒక జోడీ చూసుకోండి. ఊళ్లో ఇంకో ఆశ్రమం కోఆర్డినేటర్‌తో, అటు వంట ఆగితే ఇటునుంచి, ఇటు మనుషులు తగ్గితే అటునుంచి అని ముందే మాట్లాడుకోండి. రెండు రాత్రులు నిద్రలేని మనిషి మందు మోతాదు తప్పుతాడు, అందుకే రెండో రోజు నుంచి మందులిచ్చే పని వేరేవాళ్లకు అప్పజెప్పి కనీసం ఆరు గంటలు పడుకోండి. కరెంటు వచ్చాక ఫ్రిజ్‌లో మిగిలిన పాలు, కూరలు వాసన చూడకుండానే పారబోయించి, తడిసిన స్విచ్చులు ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఎవరినీ ముట్టనివ్వకండి.