వేట జాతి ఆడ కుక్కపిల్లకు పేరు పెట్టే ముందు జాగ్రత్తలు

• పిలిచే పేరు రెండక్షరాలకు మించనివ్వకండి. కెన్నెల్ సర్టిఫికెట్‌లో (జాతి కుక్కల నమోదు పత్రంలో) పేరు పొడుగ్గా ఉన్నా ఫర్వాలేదు.

• అన్నిటికంటే ముఖ్యం, పేరు మీరిచ్చే ఆదేశాల్లా వినిపించకూడదు. 'స్టెల్లా' అని మొదలుపెట్టగానే 'స్టే' అనుకుని ఆగిపోవచ్చు. 'జో' అంటే 'నో' అనుకుని జంకవచ్చు. మీరు వాడబోయే ఆదేశాలన్నీ కాగితం మీద రాసుకుని, పక్కనే పేరు పెట్టి పైకి చదివి చూడండి.

• ఖరారు చేసేముందు ఆరుబయట గట్టిగా పిలవండి. ఎదురుగాలిలో కూడా దూరాన ఉన్న మనిషికి స్పష్టంగా వినపడాలి. 'టీనా'లా చివర సాగదీయగలిగేవి నాకు నచ్చుతాయి.

• ఇంట్లో మరో కుక్క ఉంటే దాని పేరుతో ప్రాస కలవకూడదు.

• ముద్దుపేర్లు తర్వాత. మొదట్లో ఇంటిల్లిపాదీ ఒకే పేరుతో పిలవాలి. ఆ పేరు పెట్టి తిట్టకండి, పాపం, పిలిస్తే దగ్గరికి రావడానికే భయపడుతుంది.