సాబ్లే బిస్కెట్లు గుల్లగా రావాలంటే

పశ్చిమ ఫ్రాన్స్‌లోని సాబ్లే-సుర్-సార్త్ ఊరివాళ్లు ఈ బిస్కెట్లు మావేనంటారు. వాయవ్య ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతం వాళ్లేమో ఉప్పు వెన్న వేసి చేసే తమ పద్ధతే పద్ధతంటారు. నేను ఏ పక్షమూ కాదు గానీ వెన్న దగ్గర మాత్రం రాజీపడను. ఫ్రాన్స్‌లో దొరికే ఉప్పులేని వెన్నలో సాధారణంగా 82 శాతం కొవ్వు ఉంటుంది. నూనెలతో చేసే వెన్నలాంటి మార్గరీన్‌తో చేద్దామనుకుంటే వేరే బిస్కెట్ ఏదైనా చూసుకోండి.

మైదా 200 గ్రాములు, వెన్న 120, పొడి చక్కెర 80, పచ్చసొనలు 2, పావు చెంచా ఉప్పు. ఉప్పు వెన్న అయితే విడిగా ఉప్పు అక్కర్లేదు. కప్పులతో కొలవకండి, తూచండి. మైదా గుప్పెడు ఎక్కువైతే చాలు, బిస్కెట్ గట్టిపడిపోతుంది.

ఇక అసలు పనంతా వేళ్లదే. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్నను చిన్న ముక్కలుగా కోసి మైదా, చక్కెర, ఉప్పు కలిపిన గిన్నెలో వేయండి. వేళ్ల కొసలతో నలుపుతూ, పైకెత్తి వదులుతూ ఉండండి. అరచెయ్యి తగిలితే ఆ వేడికి వెన్న కరుగుతుంది. నా చేతులు ఎప్పుడూ వెచ్చగా ఉంటాయి కాబట్టి ముందు చల్లటి నీళ్లలో ముంచి తుడుచుకుంటాను. కాసేపటికి వెన్న ముక్కలు కనిపించకుండా పోయి, పిండి లేత పసుపు రంగుకు తిరిగి ఇసుకలా జారుతుంది. పిడికిలి బిగిస్తే ముద్ద నిలవాలి, వేలితో తాకితే విడిపోవాలి. అప్పటికి మైదా రేణువులకు వెన్న పూత పట్టేసి ఉంటుంది. తర్వాత తడి తగిలినా, పిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ అనే ప్రోటీన్ పెద్దగా సాగదు. గుల్లదనం వచ్చేది ఇక్కడే.

ఇప్పుడు పచ్చసొనలు వేసి పిండిని దగ్గరికి తీయండి, అంతే. పిసకొద్దు. అక్కడక్కడా పగుళ్లున్నా కంగారు పడకండి. నాలుగు సెంటీమీటర్ల మందాన గుండ్రంగా చుట్టి, కాగితంలో పెట్టి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. ఆ చుట్టను పంచదారలో దొర్లిస్తే అంచులు మెరుస్తాయి. పిల్లలున్న ఇంట్లో ఇది తప్పనిసరి.

సెంటీమీటరుకు కాస్త తక్కువ మందంతో బిళ్లలు కోసి, 170 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్‌లో పెట్టండి. దాదాపు పావుగంట పడుతుంది. మా ఓవెన్‌లో వెనకవైపు వేడెక్కువ, అందుకే సగంలో ట్రే తిప్పుతాను. అంచులు బంగారు రంగుకు వచ్చి మధ్యలో ఇంకా పాలిపోయి ఉండగానే తీసేయండి. వేడి మీద మెత్తగా ఉన్నాయని మళ్లీ లోపల పెట్టొద్దు, చల్లారితే అవే గట్టిపడతాయి. ఐదు నిమిషాలు ట్రే మీదే ఉంచండి, వెంటనే ఎత్తితే విరుగుతాయి.

నేనైతే ఒకేసారి రెండింతలు కలుపుతాను. రెండో చుట్ట ఫ్రీజర్‌లో నెల రోజులు ఉంటుంది. ఎవరైనా చెప్పాపెట్టకుండా వస్తే కాసేపు బయట పెట్టి, కత్తి దిగగానే కోసి ఓవెన్‌లోకి. రెండు నిమిషాలు ఎక్కువ ఉంచితే సరి.