డైజెస్టర్‌ను మేపడం ఎలా

మురుగునీటి ప్లాంటులో మిగిలే స్లడ్జ్‌ని, అంటే చిక్కటి బురదని, గాలి చొరబడని ట్యాంకులో (డైజెస్టర్ అంటే ఇదే) పోసి మూసేస్తే దానంతట అదే గ్యాస్ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. లోపల మాత్రం నాలుగు జట్ల సూక్ష్మజీవులు ఒకదాని ఎంగిలి ఇంకొకటి తింటూ పనిచేస్తుంటాయి. మొదటి జట్టు కొవ్వుల్ని, ప్రోటీన్లని, పిండి పదార్థాలని నీళ్లలో కరిగే ముక్కలు చేస్తుంది, రెండోది వాటిని పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తుంది, మూడోది ఆ ఆమ్లాల్ని ఎసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ దాకా తెస్తుంది. ఆఖరున మీథేన్ చేసే ఆర్కియా (వీటిని బ్యాక్టీరియా అనేస్తుంటాం గానీ కావు, వేరే కోవ సూక్ష్మజీవులు). ఆమ్లం చేసేవి గంటల్లో రెట్టింపవుతాయి, మీథేన్ చేసేవాటికి రోజులు కావాలి. మీకొచ్చే తలనొప్పులు చాలావరకు ఈ తేడా వల్లే.

కొత్త ట్యాంకుకి ముందు తోడు కావాలి, అంటే బాగా నడుస్తున్న వేరే డైజెస్టర్ నుంచి తెచ్చిన స్లడ్జ్. ఎంత ఎక్కువ తెస్తే అంత టెన్షన్ తగ్గుతుంది. వేడి 35 నుంచి 37 డిగ్రీల మధ్య ఉంచండి. 35 ఉందా 36 ఉందా అన్నది పెద్ద విషయం కాదు, రోజుకి ఒక డిగ్రీకి మించి మారకుండా చూడటమే ముఖ్యం.

మేత, అంటే రోజూ లోపలికి పంపే స్లడ్జ్, డిజైన్ లోడ్‌లో (ట్యాంకు ఎంత మేతకని కట్టారో అందులో) పావు వంతుతో మొదలుపెట్టండి, అదీ ఒకేసారి కాకుండా రోజంతా కొంచెం కొంచెంగా. పల్చటి స్లడ్జ్ పంపకండి. నీళ్లు ఎక్కువైతే లోపలున్న సరుకు త్వరగా బయటికి తోసుకుపోతుంది, నిలవ కాలం పది రోజుల లోపుకి పడిపోతే మీథేన్ జట్టు పెరిగేలోపే కొట్టుకుపోతుంది. 15, 20 రోజులు నిలిస్తే నిశ్చింత.

ఇక రోజూ చూడాల్సింది పీహెచ్ కాదు. ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే క్షారగుణం) ఉన్నంతసేపు అది ఆమ్లాన్ని మింగేస్తూ ఉంటుంది కాబట్టి పీహెచ్ 7 దగ్గరే కదలకుండా కనిపిస్తుంది, అది 6.8 కిందికి దిగాక పరిగెత్తడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అసలు చూడాల్సింది ఆమ్లాలకీ ఆల్కలినిటీకీ ఉన్న నిష్పత్తి. 20 మి.లీ. వడకట్టిన నమూనా తీసుకుని 0.1 నార్మల్ (గాఢత కొలత) సల్ఫ్యూరిక్ యాసిడ్ చుక్కలుగా వేస్తూ పీహెచ్ 5కి తెండి. పట్టిన మిల్లీలీటర్లని 250తో గుణిస్తే ఆల్కలినిటీ. అక్కడి నుంచి 4.4కి తేవడానికి ఇంకెంత పట్టిందో చూసి, దాన్ని 1.66తో గుణించి, 0.15 తీసేసి, 500తో గుణిస్తే ఆమ్లాలు. రెండో అంకెని మొదటిదాంతో భాగించండి. 0.3 లోపు కొన్ని రోజులు నిలకడగా ఉంటేనే మేత పెంచండి, 0.4 దాటితే తగ్గించండి.

ఇంకా పైకి పోతుంటే? ముందు మేత ఆపండి. సున్నం బస్తా వైపు చూడకండి, చాలామంది చేసే తప్పు అదే. సున్నం లోపలున్న కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసుకుని కాల్షియం కార్బనేట్‌గా అడుగున పేరుకుంటుంది, గ్యాస్ తగ్గి ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడే ప్రమాదమూ ఉంది. తప్పదనుకుంటే సోడియం బైకార్బనేట్ కొద్దికొద్దిగా వేయండి. అది కూడా మితిమీరితే సోడియం ఆర్కియాకే విషం. ఈలోగా హీటర్, మిక్సర్ సరిగా తిరుగుతున్నాయో లేదో చూడండి, సగం కేసుల్లో దోషం అక్కడే దొరుకుతుందని నా అనుమానం.

కుదురుకున్న డైజెస్టర్ గ్యాస్‌లో మీథేన్ 60 నుంచి 65 శాతం ఉంటుంది. అది గాల్లో 5 నుంచి 15 శాతం కలిస్తే నిప్పురవ్వకే పేలుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా మోసకారి: 100 పీపీఎం (పది లక్షల్లో వంద వంతులు) దాటేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. గ్యాస్ మీటర్ లేకుండా, బయట తోడు మనిషి లేకుండా ఏ మ్యాన్‌హోల్లోకీ తల కూడా పెట్టకండి.