ప్రొఫెసర్ పేరుతో వర్క్ ఫ్రం హోమ్ మెయిల్ వచ్చిందా?

సమస్య: యూనివర్సిటీ ఐడీ నుంచే మెయిల్ వచ్చింది. “రిమోట్ రీసెర్చ్ అసిస్టెంట్ కావాలి, వారానికి ఆరేడు గంటల పని, ఇంటర్వ్యూ లేదు, వాట్సాప్ నంబర్ పంపండి” అని ఉంది.

కారణం: ఐడీ అసలుదే కావచ్చు. ఏ విద్యార్థో నకిలీ లాగిన్ పేజీలో పాస్‌వర్డ్ టైప్ చేసి ఉంటారు. దొంగలు ఆ అకౌంట్‌లో దూరి క్యాంపస్ మొత్తానికీ మెయిళ్లు పంపుతారు. లోపలి ఐడీ కాబట్టి మనమూ నమ్ముతాం, స్పామ్ ఫిల్టర్ కూడా చాలాసార్లు వదిలేస్తుంది. మాటలు వాట్సాప్‌లోకి మార్చేది, తర్వాత ఆ ఐడీని బ్లాక్ చేసినా మీరు చేజారకుండా ఉండేందుకే.

ఏం చేయాలి: రిప్లై నొక్కండి, పంపకండి. జవాబు ఏ అడ్రస్‌కి వెళ్తోందో చూడండి. పంపిన ఐడీ ఒకటి, జవాబు వెళ్లేది ఏదో జీమెయిల్‌కి అయితే అక్కడితో ఆపేయండి. అయినా అనుమానం తీరకపోతే, ఏయూలో (ఆంధ్రా యూనివర్సిటీలో) చదివేవాళ్లు డిపార్ట్‌మెంట్ ఆఫీసుకు వెళ్లి అడగొచ్చు. మేడమ్‌నో సార్‌నో నేరుగా అడగడానికి మొహమాటం వద్దు. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు మాత్రం ఫోన్ చేయకండి.

సమస్య: రిజిస్ట్రేషన్ ఫీజు, లాప్‌టాప్ డిపాజిట్ కట్టమన్నారు.

కట్టకండి. జీతం ఇచ్చేవాళ్లు ముందు మన దగ్గర వసూలు చేయరు.

సమస్య: డబ్బు అడగలేదు, ఎదురు మీ అకౌంట్లోనే వేశారు. కమిషన్ ఉంచుకుని మిగతాది ఇంకొకరికి పంపమన్నారు.

కారణం: అన్నిటికంటే ప్రమాదం ఇదే. అది ఇంకెవరి దగ్గరో కొట్టేసిన సొమ్ము. వాళ్లు ఫిర్యాదు చేస్తే ఫ్రీజ్ అయ్యేది మీ అకౌంటే, పోలీసులు ముందు పిలిచేదీ మిమ్మల్నే. స్కాలర్‌షిప్ డబ్బులూ అందులోనే ఇరుక్కుంటాయి. అమెరికాలో చదివే మనవాళ్లకు ఇదే మోసం చెక్కు రూపంలో వస్తుంది. రెండు రోజుల్లో బ్యాలెన్స్‌లో కనిపించిన చెక్కు వారాల తర్వాత బౌన్సయితే, ఆ మొత్తం బ్యాంకు వీళ్ల దగ్గరే రాబడుతుంది.

ఏం చేయాలి: రూపాయి కూడా ముందుకు పంపకండి. బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పండి.

సమస్య: డేటా ఎంట్రీ పని చేయించుకుని, “తప్పులున్నాయి, అగ్రిమెంట్ ప్రకారం పెనాల్టీ కట్టు, లేదంటే కేసు” అని లాయర్ పేరుతో బెదిరిస్తున్నారు.

భయపడి కట్టకండి. వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పంపి డబ్బు లాగే కోర్టు ఎక్కడా లేదు. టెన్షన్‌తో ఒక్కరే కూర్చోకుండా ఇంట్లో చెప్పండి. మన కుర్రాళ్లను కాంబోడియాకు తరలించి సైబర్ మోసాలు చేయించిన కేసును 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు, అందులోనూ చూపిన ఎర డేటా ఎంట్రీ ఉద్యోగమే.

ఇప్పటికే డబ్బు పోతే: వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే, అవతలి అకౌంట్లో సొమ్ము ఆపే అవకాశం అంత ఎక్కువ. యూటీఆర్ నంబర్ (డబ్బు పంపినప్పుడు వచ్చే లావాదేవీ నంబర్), స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి, చాట్ డిలీట్ చేయకండి. లింక్‌లో పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే దాన్ని మార్చి, అన్ని డివైజుల నుంచీ లాగౌట్ చేసి, మెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ కూడా చూడండి. అక్కడ తెలియని అడ్రస్ ఉంటే, పాస్‌వర్డ్ మార్చినా మీ మెయిళ్లు వాళ్లకు వెళ్తూనే ఉంటాయి.