నోరు పెగలని ఇంగ్లీషు: నా అనుభవం

విశాఖపట్నం గాజువాకలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. గ్రామర్‌లో మంచి మార్కులే వచ్చేవి. అయినా మొదటి ఇంటర్వ్యూలో నా గురించి చెప్పమనగానే నోరు పెగల్లేదు.

ఇంటికొచ్చి ఆలోచిస్తే అసలు చిక్కు తెలిసింది. మాటను ముందు తెలుగులో పేర్చుకుని, తర్వాత మారుస్తున్నాను. మనకు క్రియ చివర వస్తుంది: "నేను నిన్న అన్నవరం వెళ్లాను." ఇంగ్లీషులో కర్త వెనకే రావాలి: "ఐ వెంట్ టు అన్నవరం యెస్టర్‌డే." ఆ తిరగేయడంలోనే టెన్షన్ అంతా.

అందుకని రోజూ పొద్దున్నే ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి నుంచి కురుసుర సబ్‌మెరైన్ దాకా నడుస్తూ, కంటబడిందల్లా ఇంగ్లీషులో పైకే చెప్పేవాణ్ని. అలల హోరులో ఎవరికీ వినబడదు, అదే నాకు ధైర్యం. కర్త, క్రియ ముందు బయటపడితే మిగతాది దానంతటదే వస్తుంది. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే ఇంకొకటి దొరికింది. "బస్సు", "బుక్కు" అంటూ ప్రతి మాట చివరా అచ్చు కలుపుతున్నాను. మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కదా! ఆ చివరి 'ఉ' వదిలించుకోవడానికే నెల పట్టింది. కోచింగ్‌కి డబ్బు కట్టేముందు ఈ రికార్డింగ్ ఒక్కటైనా చేసి చూడండి.

నాలుగో నెలలో సబ్‌మెరైన్ దగ్గర ఒక బెంగాలీ పెద్దాయన కైలాసగిరికి దారి అడిగారు. బస్సు ఎక్కడ ఎక్కాలో, రోప్‌వే ఎటువైపో అంతా చెప్పాను. ఆయన వెళ్లాక గానీ గుర్తు రాలేదు, మనసులో తెలుగు ఒక్క ముక్క కూడా అనుకోలేదని.