పాత హబ్‌క్యాప్ చూసి కొనడం – 4వ పాఠం: పసుపు తేలిన మెరుపు

ఈసారి హబ్‌క్యాప్ (కారు చక్రం మధ్యలో కప్పే లోహపు మూత) వెనకవైపు అంచు గురించి చెప్పాల్సి ఉంది. దాన్ని పక్కన పెడుతున్నాను. మూడో పాఠం చదివి మీరు పంపిన ఫొటోలు చూశాక అంతకంటే తొందరగా తేల్చాల్సింది ఇంకొకటి కనిపించింది.

పరీక్షించే ముందు సబ్బు నీళ్లతో కడిగి తుడవమన్నాను. చాలామంది అలాగే చేశారు. కొందరికి సబ్బు నీళ్లు ఆనలేదు, బాత్రూమ్‌లో ఉన్న యాసిడ్ సీసా తీశారు. గాజువాక నుంచి ఒకాయన తన అంబాసిడర్ క్యాప్ ఫొటో పెట్టి, "తుప్పంతా పోయింది గురువుగారూ, కాకపోతే కొంచెం పసుపు తేలింది. పాత బండికి ఈ వన్నే బాగుంటుందేమో?" అని రాశారు. బాగుండదండీ. తుప్పుతో పాటు పైన మెరిసే క్రోమ్ పూత కూడా పోయింది.

ఆ సీసాల్లో సాధారణంగా ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. అందులో క్రోమ్ కరిగిపోతుంది. ప్లేటింగ్ (లోహం మీద లోహపు పూత) చేసేవాళ్లు పాత క్రోమ్ తీసేయడానికి కూడా దాన్నే వాడతారు. క్యాప్ అంటే మామూలుగా ఇనుప రేకు, దాని మీద చాలావరకు రాగి పూత, ఆపైన నికెల్, అన్నిటికీ పైన క్రోమ్. మంచి పనిలో నికెల్ 10 నుంచి 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా ఉంటుంది. క్రోమ్ అర మైక్రాన్ ఉంటే ఎక్కువ. ఆ నీలపు మెరుపు, గీతలు పడని గట్టిదనం క్రోమ్‌వి. ఇనుముకు నీళ్లు తగలకుండా కాపాడేది మాత్రం నికెల్. కాబట్టి పాత క్యాప్ కొనేటప్పుడు మీరు అసలు బేరమాడేది నికెల్‌కి.

యాసిడ్ ఇప్పటికే పోసేసినవాళ్లు ధారగా నీళ్లతో కడగండి. తర్వాత వంటసోడా కలిపిన నీళ్లతో తుడిచి, మళ్లీ కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి మైనం పట్టించండి. పోయిన క్రోమ్ తిరిగి రాదు. కానీ సందుల్లో మిగిలిన యాసిడ్‌ని వదిలేస్తే మన విశాఖ తేమకు అది తినడం ఆపదు. చింతపండుతో తోమినవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు, బాగా కడిగి ఆరబెడితే చాలు.

ఇక నాకు ఒళ్లు మండే సంగతికొస్తాను. ఈ పసుపు యాసిడ్ వల్లే వస్తుందనుకోకండి. ఏళ్ల తరబడి పాలిష్ పెట్టి రుద్దినా క్యాప్ నడినెత్తిన, చెయ్యి ఎక్కువ తగిలే చోట, క్రోమ్ అరిగి నికెల్ బయటపడుతుంది. అమ్మేవాళ్లు దాన్ని చూపించి "ఒరిజినల్ సార్, పాతది కాబట్టి ఆ కలర్" అంటారు. ఒరిజినలే కావచ్చు, అరిగిపోయిన ఒరిజినల్! ఎండలో దీన్ని పట్టుకోలేరు. మధ్యాహ్నం రోడ్డు మీద పెట్టి చూపిస్తే ప్రతి క్యాపూ తళుక్కుమంటుంది. అందుకే చూపిస్తారు కూడా. నీడలోకి తీసుకెళ్లండి. పక్కన ఒక తెల్ల కాగితం, కొత్త క్రోమ్ కుళాయి పిడి ఒకటి పెట్టండి. నా సంచిలో ఆ పిడి ఎప్పుడూ ఉంటుంది, ఏ మీటరూ దానికి సాటి రాదు. కుళాయి నీలంగా, క్యాప్ కొద్దిగా గడ్డి రంగులో కనిపిస్తే అది నికెల్. క్యాప్ అంచు నీలంగా ఉండి మధ్య మాత్రం పసుపైతే రుద్ది అరగదీశారు. మొత్తం ఒకే తీరుగా పసుపు, పైగా మెరుపు మందగించి ఉంటే యాసిడ్ స్నానం అయిందని అనుమానించండి. వెనక్కి తిప్పి మడత లోపల చూడండి, అక్కడికి పాలిష్ గుడ్డ పోదు. అక్కడ కూడా పసుపే ఉంటే నా అనుమానం ఇంకా గట్టిపడుతుంది. వెనకవైపు మొదటినుంచీ సరిగ్గా క్రోమ్ పడని క్యాపులూ ఉంటాయి కాబట్టి ఆ ఒక్కదాంతో తీర్పు చెప్పకండి. పసుపు తేలినా నికెల్ నిండుగా ఉంటే నేను కొంటాను, ధర సగానికి దించి. నికెల్‌లో కూడా చుక్కలు లేస్తే ఊరికే ఇచ్చినా వద్దు.

ఆ చుక్కల సంగతి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఏళ్లుగా ఆరుబయట నిలిచిన బండి క్యాపులకు ఉప్పుగాలి తగిలి సూదిమొనంత ఎర్ర చుక్కలు వస్తాయి. క్రోమ్‌లో కంటికి కనపడని సందులుంటాయి, ఉప్పు అక్కడినుంచి దిగుతుంది. వంటింటి అల్యూమినియం రేకు ముక్కను నలిపి, నీళ్లలో ముంచి, మెత్తగా రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన, గీతలు పెట్టదు. ఎరుపు పోయి కింద నల్ల చుక్క మిగిలితే గోరు ఆనించి లాగండి. గోరు తగులుకుంటే గుంట పడింది. చుక్క చుట్టూ పొర ఉబ్బి, పొలుసులా లేస్తుంటే అది ఇంకా పాకుతుంది, వదిలేయండి.

సొట్టలు సులువు. ట్యూబ్‌లైట్ ప్రతిబింబం క్యాప్ మీద పడేలా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి, గీత వంకరపోయిన చోట సొట్ట ఉంది. సుత్తితో తీయించొచ్చు కానీ క్రోమ్ పెళుసు, చిట్లుతుంది.

అయస్కాంతం అంటుకోలేదని, అంటే కింద ఇనుము లేదని, మంచి క్యాప్‌ని వదిలేసుకున్న భీమిలి పాఠకుడికి ఒక మాట. పాత బ్రిటిష్ బళ్లకు ఇత్తడి మీద ప్లేటింగ్ చేసినవి ఉన్నాయి. వాటికి అయస్కాంతం గట్టిగా అంటదు, తుప్పు ఎర్రగా కాక ఆకుపచ్చగా వస్తుంది. అంటుకున్నవన్నీ ప్లేటింగ్ చేసినవీ కావు. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో కొన్ని రకాలను అయస్కాంతం పట్టేస్తుంది.

అభ్యాసం కాస్త పెద్దదే. ఇంట్లో, మెకానిక్ షెడ్డులో, పాత సామాన్ల కొట్టులో క్రోమ్ వేసిన వస్తువులు పది వెతకండి. సైకిల్ హ్యాండిల్, కుళాయి, స్పానర్, ఏదైనా సరే. నీడలో చూసి ఒక్కోదానికి క్రోమ్ ఉందా, అరిగిందా, నికెల్ దాకా పోయిందా అని పేపరు మీద రాయండి. రాశాకే రేకుతో రుద్దండి. తీర్పు మారిన వస్తువుల ఫొటోలు మాత్రమే పంపండి, రెండు వైపులా, పక్కన తెల్ల కాగితంతో.